తాడు పట్టిన చెయ్యి

గద్వాల,
జూలై.

వనజా,

మీ వార్డెన్ ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నంత కాలం మనకు పోస్టాఫీసే గతి. ఈ రోజుల్లో కవరు మీద స్టాంపు అంటించే ఆడపిల్లను చూసి మా గల్లీ పోస్ట్‌మ్యాన్ ఏమనుకుంటున్నాడో నాకు తెలుసు. అనుకోనీ.

అసలు సంగతి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల ఎన్.సి.సి. అమ్మాయిలను ఈ ఏడు ఒకే కంపెనీగా కలుపుతున్నారు. కంపెనీకి భుజం మీద కుట్టుకునే ప్యాచ్ కావాలట. దాన్ని కేడెట్లే గీసి పంపాలట. ఎవరిది ఎంపికైతే ఆ అమ్మాయి వనపర్తి క్యాంపులో కంపెనీకి ముందు నడవాలి, పెద్దాఫీసర్ ముందు నిలబడి ప్యాచ్ అర్థం చెప్పాలి. మా వెంకటేశ్వర్లు సార్ ఈ నోటీసు చదువుతుంటే క్లాసంతా నావైపు తిరిగింది. తిరగరా మరి? మా అబ్బా ఎంబ్రాయిడరీ దుకాణంలో కుట్టే బడి బ్యాడ్జీల్లో సగం నేను గీసినవే.

నాది దాదాపు అయిపోయింది. మధ్యలో మా కోట బురుజు, దాని కింద కృష్ణమ్మ అలలు, ఒక పక్క పత్తికాయ, ఇంకో పక్క పల్లికాయ, పైన నెమలి, చుట్టూ గద్వాల చీర అంచు. అంచు జరీతో వస్తుంది. వానలకు నా వంకర చిటికెన వేలు లాగుతోంది గాని, లెక్కచేయకుండా రంగులు నింపుతున్నాను.

మీ కాలేజీ నుంచి ఎవరు గీస్తున్నారు? నువ్వు కాదని తెలుసు. వనపర్తి హాస్టల్లో మనం ఒకే బెంచీ మీద చదువుకున్నప్పుడు నువ్వు గీసిన ఆవును చూసి టీచరమ్మ మంచమనుకుంది కదా.

నన్ను కంపెనీ ముందు చూసినప్పుడు గట్టిగా చప్పట్లు కొట్టు.

నీ
హీనా

~

నాగర్‌కర్నూల్,
జూలై.

హీనా,

నీ ఉత్తరం మెస్సుల కూసోని చదివిన. నీ ప్యాచ్‌ల పల్లికాయ, పత్తికాయ, నెమలి అన్నీ ఉన్నయని చదివేసరికి శుక్రవారం సంతకు పోయినట్టైంది. కోపం తెచ్చుకోకు, నవ్వుకుంటనే రాస్తున్న.

మాకు పరేడ్ నేర్పే ఉస్తాద్ నిన్న ప్యాచ్‌ల గురించి చెప్పిండు. ఆయన హిందీల చెప్పిండు, నేను మన మాటల రాస్తున్న. "నడిచే మనిషి భుజం ఊగుతుంటది. ఊగుతున్నప్పుడు గూడ దూరం నుంచి తెలిసేదే గుర్తు. తెల్వకపోతే అది ఉత్త బొమ్మ." జంతువును పెడితే దాని మొఖం నడిచే దిక్కుకే ఉండాలెనట. వెనక్కి తిరిగి ఉంటే కంపెనీ పారిపోతున్నట్టట. నీ నెమలి ఏ దిక్కు చూస్తున్నదో జర చూసుకో.

మా మేడం నన్ను గూడ ఏదన్న గీయమన్నది. అడవి పిల్లవు, అడవిల నుంచి ఏదన్న తే అన్నది. నా మనసుల ఒకటున్నది గాని నా గీత సంగతి నీకు ఎరుకే. చెయ్యి ఎట్ల గీస్తరు? ముడుచుకున్న పిడికిలి. నేను గీస్తే వంకాయ లెక్క వస్తున్నది. జర నేర్పు.

వనజ

~

గద్వాల,
ఆగస్టు.

వనజా,

నెమలి ముందుకే చూస్తోంది. అయినా అడిగినందుకు సంతోషం.

పిడికిలి గీయడం చాలా సులువు. ముందు ఒక చదరపు డబ్బా గీయి. దాన్ని నాలుగు పట్టీలుగా విడగొట్టు, అవే వేళ్ళు. బొటనవేలు వాటి మీద అడ్డంగా పడుకుంటుంది. గోళ్ళు గీయకు, చిన్న ప్యాచ్‌లో గోళ్ళు కుడితే పుండ్లలాగా కనపడతాయి. ఒక కాగితం మీద గీసి జత చేస్తున్నాను, దాని మీద కాగితం పెట్టి దిద్దుకో. చెయ్యి దేనికో చెప్పలేదు. పిడికిలి అంటే బలం అనుకుంటున్నావేమో, అది అందరూ పెట్టేదే. నేనైతే పెట్టను.

నాది పంపేశాను. సార్ చూసి "ఏమన్న ఉందా, మొత్తం జిల్లా దిగింది" అన్నాడు. నేను పొగడ్త అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే కొంచెం అనుమానంగా ఉంది.

నువ్వు కూడా పంపు. పోటీకి ఇంకొకరు లేకపోతే నా గెలుపుకు రుచి ఉండదు.

హీనా

~

నాగర్‌కర్నూల్,
సెప్టెంబర్.

హీనా,

ఈ ఉత్తరం ఎట్ల మొదలుపెట్టాలెనో తెలుస్తలేదు. మీ సార్ నీకు ఈపాటికి చెప్పే ఉంటడు. నేను గీసింది తీసుకున్నరు.

నువ్వు వేరేవాళ్ళ నోటి నుంచి వినొద్దని అదేంటిదో నేనే చెప్తున్న. నల్లటి గుడ్డ. మీది నుంచి ఒక పిడికిలి. పిడికిలిల నుంచి ఒక తాడు కిందికి దిగి ప్యాచ్ అంచు దాకా పోతది. తాడుకు మూడు పేటలు, ఎరుపు, ముదురు నీలం, లేత నీలం. మన ఎన్.సి.సి. జెండా రంగులే. మూడు ఊర్లు ఒక్క తాడుగ పేనినట్టు. గంతే.

మా పెంటల్ల, గదే మా అడవి గూడేలల్ల, మొగోళ్ళు బండల మీది నుంచి తాడు కట్టుకొని దిగి తేనె తీస్తరని నీకు చెప్పిన గదా. దిగేటోని పానం మీద తాడు పట్టుకున్నోని చేతుల ఉంటది. అందుకని మా చెంచుల్ల ఆ తాడు ఎవరికి పడితే వాళ్ళకియ్యరు. పెండ్లాం తమ్మునికే ఇస్తరు. తాడు వదిలితే వాని అక్కనే ముండమోస్తది గదా, అందుకే పానం పోయినా వదలడు. సొంత అన్నదమ్ములకు మాత్రం ఇయ్యరు. ఆస్తిల పొత్తున్నోని మనసుల ఏముంటదో ఎవరికి ఎరుక అంటరు.

దిగేటోన్ని నేను గీయలే. తాడు బిగిసి ఉన్నదంటే కింద మనిషి ఉన్నట్టే గదా. మేడంకు ఇది చెప్పంగనే బొమ్మను కవర్ల పెట్టి పంపింది.

నీది ఎందుకు తీసుకోలేదని అడిగిన. ఆ సంగతి నేను చెప్పను. పిడికిలి నేర్పింది నువ్వే, మేడంకు గట్లనే చెప్పిన.

వనజ

~

గద్వాల,
సెప్టెంబర్.

వనజా,

అభినందనలు అని రాయాలి కదా. రాశాను.

నాది ఎందుకు తీసుకోలేదో నువ్వు చెప్పకపోయినా మా సార్ చెప్పాడు. పెళ్ళి శుభలేఖలా ఉందన్నారట. గద్వాల జరీ అంచు వాళ్ళకు శుభలేఖలా కనపడింది. నీ చెయ్యి, తాడు మాత్రం భలే కనపడ్డాయి. నాకు చెప్పమంటే చెప్తాను, బావిలో నీళ్ళు తోడుతున్నట్టుంది.

నాకు కడుపు మండిపోతోంది, దాచుకోను. చిన్నప్పటి నుంచి బొమ్మలు గీసింది నేను. గోడ పత్రిక నేను గీస్తే నువ్వు కింద జిగురు రాసేదానివి. పిడికిలి ఎలా గీయాలో కూడా నేనే కాగితం మీద పెట్టి పంపాను. ఇప్పుడు కంపెనీ ముందు నువ్వు నడుస్తావు, నేను వెనక వరుసలో నీ భుజం వైపు చూస్తూ కాలు కలుపుతాను. తేనె కథ చెప్తే ఎవరి మనసైనా కరుగుతుంది. మా ఇంట్లో తేనె లేదు, కుట్టుమిషన్ ఉంది. దాని కథ ఎవరడుగుతారు?

ఇంకో వార్త విను, నవ్వు వస్తుంది. కంపెనీ ప్యాచ్‌లన్నీ కుట్టే పని మా అబ్బాకే ఇచ్చారు. మిషన్ మీద కూర్చోవాల్సింది నేనే, అబ్బా కళ్ళు ఇప్పుడు చిన్న కుట్లకు ఆనడం లేదు. నీ బొమ్మ ఈ రోజే వచ్చింది. చిటికెన వేలు వంకరగా గీశావు. పంపేముందు ఒకసారి నాకు చూపించి ఉంటే సరిచేసేదాన్ని.

హీనా

~

నాగర్‌కర్నూల్,
అక్టోబర్.

హీనా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి పెట్టిన. నువ్వు ఏడ్చినా తిట్టినా నాకు మంచిదే. నువ్వు మాట్లాడకుంటనే పరేషాన్ అయితది నాకు.

ఒక్కటి అడుగుత. బొమ్మ ఎట్లున్నదో గట్లనే కుట్టు. వేలు వంకర అట్లనే ఉండనీ. అది తప్పుగ గీసింది కాదు. తాడు అంచు దాకా పోవాలె. మిగిలింది అంతా నీ ఇష్టం, దారం ఏది బాగుంటదో నాకేం తెల్వదు, నీకే ఎరుక.

మీ అబ్బాకు, మహబూబ్ చాచాకు, నా సలాం చెప్పు.

వనజ

~

గద్వాల,
అక్టోబర్.

వనజా,

ప్యాచ్‌లు అయిపోయాయి. వారంలో మీ మేడం దగ్గరికి మూట చేరుతుంది. నీకోసం ఒకటి ఈ కవర్లో పెట్టాను.

వేలు సరిచేశాను. నిటారుగా, అందంగా వచ్చింది. థాంక్స్ చెప్పనక్కర్లేదు. అంత వంకర వేలు భుజం మీద పెట్టుకొని నడిస్తే గద్వాలలో కుట్టారని మా అబ్బా పేరు పోతుంది.

తాడు కింది ముక్క మాత్రం రాలేదు. అంచు కుట్టుకు అడ్డమొచ్చింది. ఫ్రేములో గుడ్డ కదిలింది, నా చెయ్యి జారింది. చూసుకునేసరికి అన్నీ అలాగే వచ్చాయి. తాడు పిడికిలి కింద ఆగిపోతుంది. అంత దూరం నుంచి ఎవరికి కనపడుతుంది చెప్పు? మీ ఉస్తాద్ చెప్పిన లెక్క ప్రకారం పిడికిలి తెలిస్తే చాలు.

క్యాంపు దగ్గరికొచ్చింది. మళ్ళీ కుట్టడం కుదరదు.

హీనా

~

లింగాల,
నవంబర్.

హీనా,

పండుగ సెలవులకు ఇంటికి వచ్చిన. నీ ప్యాచ్ జేబుల పెట్టుకొనే వచ్చిన, నాయినకు చూపెట్టాలెనని. మా నాయిన లింగస్వామి సంగతి నీకు కొంతనే ఎరుక. కుంటుతడని ఎరుక గాని ఎందుకో నేను ఎన్నడూ చెప్పలే.

నేను చిన్నగున్నప్పుడు తేనె బండ మా నాయిన వాటాకు వచ్చింది. మంచి బండ అది, ఏడాదికోసారి పెద్ద పట్లు పడతయి. మా బాబాయికి వచ్చిన బండ మీద ఏముండదు. ఒక ఏడు తేనె తీసే నాడు మా మామ, అంటే అమ్మ తమ్ముడు, జరమొచ్చి రాలే. బాబాయి వచ్చిండు, నేను పట్టుకుంట తియ్ అన్నడు. మా అమ్మ వద్దన్నది. నాయిన నవ్వి, "సొంత తమ్ముడు, ఏంగాదు తియ్" అని తాడు ఆయన చేతికే ఇచ్చిండు.

సగం దూరంల తాడు వదులైంది. నాయిన బండ మీద పడ్డడు. బాబాయి ఉరుక్కుంట దిగొచ్చి ఏడ్చిండు. ఏమన్నడో ఎరుకనా? "చెయ్యి జారింది అన్నా" అన్నడు.

నాయిన ఆయన్ను ఒక్కమాట అనలే. ఇప్పటికీ కలిసి బువ్వ తింటరు. కాని మళ్ళ ఎన్నడూ తాడు ఆయన చేతికియ్యలే.

నాయిన నీ ప్యాచ్‌ను చేతుల పట్టుకొని శానాసేపు చూసిండు. మంచిగ కుట్టింది నీ దోస్తు అన్నడు. దారం తిప్పి చూసిండు. తర్వాత అడిగిండు, "కింద మనిషేడి?"

నేను ప్యాచ్ మళ్ళ జేబుల పెట్టుకున్న. ఇప్పుడు నీకు చెప్తున్న. ఆ వేలు సంగతి. నేను దాచుకున్న, క్యాంపుల పెద్దాఫీసర్ ముందట చెప్తే నువ్వు వింటవని. ఎనిమిదో తరగతిల హాస్టల్ డాబా మీద ఆరేసిన నా లంగా గాలికి సన్‌షేడ్ మీద పడింది. నేను పిట్టగోడ దాటి దిగిన. కాలు జారింది. నువ్వు మీది నుంచి నా చెయ్యి పట్టుకున్నవ్. పిల్లలందరు వచ్చి గుంజేదాక వదలలే. నీ చిటికెన వేలు నా మణికట్టుకు, పిట్టగోడకు నడుమ పడి నలిగింది. వార్డెన్ కొడతదని తలుపుల పడిందని చెప్పినవ్, ఆమె నమ్మింది. నువ్వు గూడ నమ్మినట్టున్నవ్, మర్చిపోయినవ్ గదా.

నేను మర్చిపోలే. నీ కాగితం మీద చదరపు డబ్బాతోని పిడికిలి నేర్చుకున్న, కాని వేలు మాత్రం నా మతికున్నట్టు గీసిన. అది నీ చెయ్యి హీనా. తాడు కింద ఉన్నది నేను.

నువ్వు నీ వేలు సక్కగ చేసినవ్. తాడు కోసినవ్.

వనజ

~

గద్వాల,
నవంబర్.

వనజా,

చెయ్యి జారలేదు. నేనే కోశాను.

మిషన్‌కు కలిపిన కంప్యూటర్‌లో నీ తాడు కింది ముక్కను గుర్తు పెట్టి తీసేశాను. ఒక్క మీట నొక్కితే పోయింది. కుట్లు పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. పిడికిలి ఉత్త గాలిని పట్టుకున్నట్టు కనపడింది, నాకు హాయిగా అనిపించింది. పెద్దాఫీసర్ ముందు నువ్వు నిలబడి తాడు అంటుంటే, ఏది తాడు అని ఆయన అడుగుతాడని ఊహించుకున్నాను. నీ నోరు పడిపోవడం కూడా ఊహించుకున్నాను. ఇదంతా రాస్తుంటే నా చెవులు కాలుతున్నాయి, అయినా రాస్తున్నాను.

నీ బొమ్మ ఆ రోజులన్నీ మిషన్ పక్కనే గోడకు అంటించి ఉంది. నా చెయ్యి దాని కిందే మిషన్ మీద కదులుతూ ఉంది. నేను రెండూ చూస్తూనే కుట్టాను, ఒక్కసారి కూడా పోల్చుకోలేదు. నీ ఉత్తరం చదివాక వెళ్ళి పిడికిలి ముడిచి బొమ్మ పక్కన పెట్టాను. అబ్బా వెనక నుంచి చూసి, "ఇప్పుడు చూసినవా బేటీ? నాకైతే బొమ్మ వచ్చిన నాడే ఎరుక. నీకు గూడ తెలుసనుకున్న. తెలిసే వేలు సరిచేసినవని అనుకొని ఊరుకున్న" అన్నాడు. ఇంతకంటే తిట్టు ఇంకేముంటుంది?

డాబా సంగతి నేను మర్చిపోలేదు. అది నేను చేసిన పెద్ద పని అని ఎప్పుడూ అనుకోలేదు, అంతే. పట్టుకున్నాను, వదలలేదు. అప్పుడు నీమీద నాకు కుళ్ళు లేదు. ఉండుంటే ఏం చేసేదాన్నో అని ఇన్ని రోజులూ ఆలోచిస్తూనే ఉన్నాను.

మీ మేడం దగ్గరి నుంచి మూట వెనక్కి తెప్పించాను. మిషన్‌లో లోపం ఉందని మా సార్‌కు చెప్పాను, లోపం ఎక్కడిదో చెప్పలేదు. అన్నీ మళ్ళీ కుట్టాను. వేలు వంకరగా ఉంది. తాడు మూడు పేటలతో అంచు దాకా దిగింది, అంచు దాటి కూడా ఒక కుట్టు వేశాను, ఊడిపోకుండా. మీ నాయినకు ఒకటి ప్రత్యేకంగా పంపుతున్నాను. కింద మనిషి ఉన్నాడని చెప్పు.

ఒకటి మాత్రం అబద్ధం చెప్పను. ఇప్పటికీ కుళ్ళు పోలేదు. నా బురుజు, నా అలలు కంపెనీ భుజం మీద ఉండాల్సింది. పెద్దాఫీసర్ నీతో మాట్లాడే పూట నా ముఖం వైపు చూడకు, బాగుండదు.

నువ్వు ఆ వేలు కథ అక్కడ చెప్పకు. దయచేసి.

హీనా

~

వనపర్తి,
డిసెంబర్.

హీనా,

గుడారాలు వేసేందుకు మా కాలేజీ పిల్లలను ముందుగాల్నే క్యాంపుకు తెచ్చిన్రు. నువ్వు ఎల్లుండికి వస్తవ్. మీ బస్సు ఎక్కేలోపు అందాలెనని ఈ ఉత్తరం మీ సార్ చేతికిచ్చి పంపుతున్న. ఆయన ఈ రోజు క్యాంపు చూసి గద్వాల వాపస్ పోతున్నడు.

కొత్త ప్యాచ్‌లు వచ్చినయి. నాది కుట్టుకున్న. నాయిన తనది చేతుల పట్టుకొని "ఆఁ, ఇగ ఉన్నడు" అన్నడు.

వేలు కథ చెప్పను. నువ్వు వద్దన్నవని కాదు, అది మన ఇద్దరిది. చెయ్యి ఎవరిదని అడిగితే మాత్రం కుట్టినామెది అంట. ఆ మాట అబద్ధం గాదు గదా.

నీకు కుళ్ళు పోలేదని రాసినవ్. నాకు కోపం గూడ పోలేదు. నీ బొమ్మ కంటే నా బొమ్మ బాగున్నదని నేను లోపల లోపల మురిసిన, నీకు తెలిసేటట్టే మురిసిన. సంత అని ఎగతాళి చేసింది గూడ నేనే. కాబట్టి నన్ను శానా మంచిదాన్ని అనుకోకు.

క్యాంపు ఆఖరి దినం ఊరవతల బండగుట్ట మీది నుంచి తాడుతోని దిగుడు ఉన్నది. మొదట దిగేది నేనే, అడవి పిల్లనని అందరి కన్ను నా మీదనే. మీద తాడు పట్టుకునేది ఎవరో ఎవరికి వాళ్ళే చెప్పాలెనని ఉస్తాద్ అన్నడు. మా కాలేజీ పిల్లలు శానామంది చేతులు లేపిన్రు. ఉస్తాద్ నన్ను అడిగిండు. నేను జర ఆలోచించిన. మా నాయిన గుర్తొచ్చిండు, బాబాయి గూడ గుర్తొచ్చిండు.

గద్వాల హీనా అని చెప్పిన.

"పట్టు గట్టిదేనా?" అని అడిగిండు. ఒకసారి చూసిన సార్ అన్న.

వాళ్ళు ఇచ్చే చేతి తొడుగులల్ల నీ చిటికెన వేలు పట్టదు. ఇంటికాడ ఒక పాత జత ఉంటే ఆ వేలు దగ్గర కుట్టు విప్పి తెచ్చుకో.

వనజ